ఒమ్‌సింగెలెన్‌కి ఇంగ్లీషులో ఏ మాట? సరౌండ్ రాసేముందు ఒక్క నిమిషం

డచ్ నేర్చుకునే మనవాళ్ళలో చాలామంది ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటారు. పుస్తకాలు అలాగే ఉంటాయి, యాప్‌లూ అలాగే ఉంటాయి. ఒక పక్క డచ్ మాట, ఎదురుగా ఇంగ్లీషు అర్థం. చాలావరకు దీంతో పని జరిగిపోతుంది. కానీ చుట్టుముట్టడం, చుట్టూ ఉండడం అనే అర్థాలున్న క్రియల దగ్గర ఈ పద్ధతి దెబ్బతీస్తుంది. ఒమ్‌సింగెలెన్, ఒమ్‌రింగెన్, ఒమ్‌ఖేవెన్, ఒమ్‌స్లాయ్‌టెన్, ఇన్‌స్లాయ్‌టెన్ అని డచ్‌లో ఐదారు మాటలుంటే, వాటి ఎదురుగా మళ్ళీ మళ్ళీ కనిపించేది సరౌండ్ ఒక్కటే.

నేను డచ్ క్లాసుకి వెళ్ళే రోజుల్లో పుట్టినరోజు ఎలా జరిగిందో చెప్పమన్నారు. నా చుట్టూ స్నేహితులున్నారు అనే ఉద్దేశంతో, సరౌండెడ్‌కి నాకు గుర్తున్న మాట పెట్టి, స్నేహితులు నన్ను ఒమ్‌సింగెల్ట్ చేశారని చెప్పాను. టీచరు వెంటనే సరిదిద్దారు. ఆ మాట వాడితే స్నేహితులు నన్ను పారిపోకుండా పట్టుకోవడానికి చుట్టూ నిలబడ్డారని అర్థమట. నేను వాడాల్సింది ఒమ్‌రింగ్ట్. ఇంటికొచ్చి ఆలోచిస్తే తెలిసింది, తెలుగులో ఆలోచించి ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు. "స్నేహితులు నన్ను చుట్టుముట్టారు" అని నేను పుట్టినరోజు గురించి చెప్పను కదా. పోలీసులు చుట్టుముడతారు, శత్రువులు చుట్టుముడతారు, కష్టాలు చుట్టుముడతాయి. స్నేహితులు చుట్టూ ఉంటారు, అంతే.

కాబట్టి నా సలహా ఇది. ఈ మాటల్లో ఎంపిక చేసుకునేటప్పుడు డచ్ నుంచి నేరుగా ఇంగ్లీషుకి దూకకండి. మధ్యలో ఒకసారి తెలుగులో అనుకుని చూడండి. ఇంగ్లీషు సరౌండ్ కలిపేసిన తేడాలను మన భాష విడివిడిగా ఉంచింది.

సింగెల్ అంటే మొలతాడు

ఒమ్‌సింగెలెన్ లోపల సింగెల్ అనే నామవాచకం ఉంది. దాని మూలం లాటిన్‌లో నడికట్టుకు వాడే చింగులుమ్. డచ్‌లో ఇప్పటికీ గుర్రం పొట్ట కిందనుంచి జీనును బిగించే పట్టీని సింగెల్ అంటారు. ఊరి నడుముకు కట్టిన నీళ్ళ పట్టీ కూడా సింగెల్లే, అంటే అగడ్త. ఆమ్‌స్టర్‌డామ్‌లో సింగెల్ అనే కాలువ 1585 వరకు నగరానికి అగడ్తగా ఉండేది. నగరం పెరిగి దాన్ని దాటిపోయాక, ఇప్పుడది ఊరి మధ్యలో పూల అంగళ్ళ పక్కనుంచి పారే కాలువ. లైడెన్‌లో పాత అగడ్తల వెంట దాదాపు 6 కిలోమీటర్ల పార్కు ఉంది, దాని పేరే సింగెల్‌పార్క్. ఉట్రెక్ట్‌లో 1970లలో అగడ్తలో కొంత భాగాన్ని కార్ల రోడ్డుగా మార్చేశారు. తర్వాత ఆ రోడ్డును తవ్వి, 2020లో మళ్ళీ నీళ్ళు వదిలారు. ఇప్పుడు పడవలో ఆ ఊరి చుట్టూ తిరిగి రావచ్చు.

అక్కి అని మనం పిలిచే జబ్బుకి ఇంగ్లీషులో షింగిల్స్ అనే పేరు కూడా ఈ నడికట్టు మాట నుంచే వచ్చింది. నడుము చుట్టూ పట్టీలా పొక్కులు వస్తాయి కదా, అందుకని. డచ్‌వాళ్ళు దాన్ని నడికట్టు గులాబీ అనే అర్థం వచ్చేలా ఖోర్డెల్‌రోస్ అంటారు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఒమ్‌సింగెలెన్ అనగానే డచ్‌వాడి మనసులో బిగింపు కనిపిస్తుంది. పట్టీ బిగిసింది, లోపలివాడు బయటికి రాలేడు. సరౌండ్‌లో ఆ బిగింపు దానంతటది రాదు. వాక్యంలో పోలీసులో సైనికులో ఉంటేనే వస్తుంది.

సరౌండ్, ఎన్‌సర్కిల్, రింగ్

ఎక్కువసార్లు తేల్చుకోవలసింది ఈ మూడింటి మధ్యే.

"డె పొలీట్సి హేఫ్ట్ హెట్ హాయ్స్ ఒమ్‌సింగెల్ట్" అనే వాక్యాన్ని తీసుకోండి. పోలీసులు ఇంటిని చుట్టుముట్టారు. ఇక్కడ సందేహం అక్కర్లేదు, సరౌండ్ రాయండి. పోలీసులు అన్న మాటే ఆ బిగింపును మోస్తుంది. ఇంగ్లీషు వార్తల్లోనూ మామూలుగా వచ్చేది అదే. ఇదే చోట ఎన్‌సర్కిల్ రాస్తే తప్పు కాదు గానీ, పై నుంచి హెలికాప్టర్‌లో చూస్తున్నట్టు, మ్యాపు ముందు పెట్టుకుని చెబుతున్నట్టు ఉంటుంది.

ఎన్‌సర్కిల్ నిజంగా పనికొచ్చేది ఆ మ్యాపు దగ్గరే. 1942 నవంబరులో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర సోవియట్ సేనలు రెండు వైపుల నుంచి వచ్చి కలుసుకుని, జర్మన్ ఆరవ సైన్యాన్ని లోపల బంధించాయి. దీన్ని డచ్ చరిత్ర పుస్తకాలు ఒమ్‌సింగెలింగ్ అంటాయి. ఇంగ్లీషులో ఎన్‌సర్కిల్‌మెంట్ అనే నామవాచకం సరిగ్గా అమరుతుంది. సరౌండ్‌కి సైన్యాల గురించి చెప్పేటప్పుడు అంత సులువుగా వాడుకునే నామవాచకం లేదు. కాబట్టి డచ్‌లో ఒమ్‌సింగెలింగ్ అని నామవాచకం కనిపిస్తే, చాలావరకు ఎన్‌సర్కిల్‌మెంట్ వైపే మొగ్గండి.

ఇంకో తేడా ఉంది, దీన్ని నిఘంటువులో వెతికితే దొరకదు. సరౌండ్ అసంపూర్తిగా ఉన్నా ఒప్పుకుంటుంది. మూడు వైపులా నీళ్ళున్న భూభాగం ద్వీపకల్పం అని బళ్ళో చదువుకున్నాం కదా. దాన్ని ఇంగ్లీషులో "సరౌండెడ్ ఆన్ త్రీ సైడ్స్" అని హాయిగా అనొచ్చు. "ఎన్‌సర్కిల్డ్ ఆన్ త్రీ సైడ్స్" అంటే చెవికి అడ్డుపడుతుంది, ఎందుకంటే వలయం అన్నాక పూర్తి కావాలి. ఒమ్‌సింగెలెన్ కూడా పూర్తి వలయాన్నే కోరుకుంటుంది. డచ్ వాక్యంలో ఒక దారి తెరిచే ఉంది, మూడు వైపులే మూసుకున్నాయి అని ఉంటే అక్కడ ఒమ్‌సింగెలెన్ ఉండే అవకాశం తక్కువ. ఇంగ్లీషులో మీరు కూడా ఎన్‌సర్కిల్ జోలికి పోవద్దు.

చుట్టిన వస్తువు సహజంగా గుండ్రంగా ఉంటే మాత్రం యుద్ధం లేకపోయినా ఎన్‌సర్కిల్ బాగుంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌కి చెందిన స్కిపోల్ విమానాశ్రయం ఉన్న హార్లెమ్మర్‌మేర్ ఒకప్పుడు పెద్ద సరస్సు. దాని చుట్టూ రింగ్‌ఫార్ట్ అనే కాలువ తవ్వి, నీళ్ళు అందులోకి తోడి, 1852లో ఎండగట్టారు. దాదాపు 60 కిలోమీటర్ల పొడవున్న ఆ కాలువ ఇప్పటికీ ఆ పల్లపు నేలను చుట్టి ఉంది. ఈ వాక్యానికి ఎన్‌సర్కిల్ పెట్టండి, కాలువ మొత్తం తిరిగి మొదటికే వస్తుందని చదివేవాడికి తెలుస్తుంది.

రింగ్ చిన్న మాట, పత్రికల వాళ్ళకి ఇష్టమైన మాట. చుట్టూ ఉన్నవి విడివిడిగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నప్పుడు ఇది చక్కగా కుదురుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ చుట్టూ 135 కిలోమీటర్ల మేర కోటల వరస ఉంది, 1996 నుంచి అది యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. ఆ నగరం కోటలతో "రింగ్డ్" అంటే ఒక్కో కోటా పూసలా కళ్ళకు కడుతుంది. ఒక జాగ్రత్త. గంట మోగించే రింగ్‌కి భూతకాలం ర్యాంగ్, చుట్టూ నిలవడమనే రింగ్‌కి రింగ్డ్. పోలీసులు భవనాన్ని "ర్యాంగ్" అని రాసిన అనువాదాలు నేను సరిదిద్దాను, అందుకే చెబుతున్నాను.

నా ఎంపిక చెప్పమంటే, ఒమ్‌సింగెలెన్‌కి మామూలు వార్తల్లో, మాటల్లో సరౌండ్. సైనిక చరిత్రలో ఎన్‌సర్కిల్. శీర్షికల్లో, లేదా చుట్టూ ఉన్నవాటిని వేర్వేరుగా చూపించాలనుకున్నప్పుడు రింగ్.

పోలీసుల వార్తల్లో ఇంకో డచ్ క్రియ కూడా వస్తుంది, ఆఫ్‌జెట్టెన్. వీధికి అడ్డంగా టేపు కట్టి జనాన్ని రానివ్వకపోవడం. దీనికి "కార్డన్ ఆఫ్" సరైనది, సరౌండ్ కాదు. ఒమ్‌సింగెలెన్ లోపలివాణ్ణి బయటికి రాకుండా ఆపుతుంది, ఆఫ్‌జెట్టెన్ బయటివాళ్ళను లోపలికి రాకుండా ఆపుతుంది. ఒకే వార్తలో రెండూ ఉంటే రెండింటికీ ఒకే మాట వాడొద్దు.

లైడెన్ ముట్టడి

ముట్టడి వేరే మాట. డచ్‌లో బెలేఖెరెన్, ఇంగ్లీషులో బిసీజ్. చుట్టుముట్టడం గంటలో అయిపోతుంది, ముట్టడి నెలలు పట్టొచ్చు. రెండింటికీ తేడా కాలమే. ఔరంగజేబు సైన్యం 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు పట్టి ఉంచింది. దాన్ని సరౌండ్ అంటే ఆ ఎనిమిది నెలలు మాయమైపోతాయి.

బిసీజ్ లోపల ఉన్నది కూర్చోవడం. సీజ్ అనే మాటకు పాత ఫ్రెంచిలో ఆసనం అని అర్థం. కోట ముందు కదలకుండా కూర్చోవడమన్నమాట. డచ్ బెలేఖెరెన్‌లో ఉన్నది లేఖెర్, అంటే దండు, దాని విడిది. ఈ డచ్ మాటనే ఇంగ్లీషువాళ్ళు 16వ శతాబ్దం చివర్లో ఎత్తుకెళ్ళి బిలీగర్ చేసుకున్నారు. మరి బెలేఖెరెన్‌కి బిలీగర్ వాడొచ్చా? రెండూ అక్కాచెల్లెళ్ళలాంటి మాటలైనా, నేను వద్దంటాను. ఈరోజు ఇంగ్లీషులో బిలీగర్డ్ అంటే ఎక్కువగా విమర్శలతో సతమతమయ్యే మంత్రి, అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీ. నగరానికి బిసీజ్డ్, మంత్రికి బిలీగర్డ్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

నెదర్లాండ్స్‌లో ముట్టడి అనగానే గుర్తొచ్చేది లైడెన్. 1574లో స్పెయిన్ సైన్యం మే నెలాఖరు నుంచి ఆ ఊరిని పట్టి ఉంచింది. లోపల తిండి అయిపోయింది, జబ్బులు పెరిగాయి, వేలమంది చనిపోయారు. స్పెయిన్ పాలన మీద తిరగబడిన ఆరెంజ్ యువరాజు విలియమ్ పక్షం వాళ్ళు గట్లు తెగ్గొట్టించి, సముద్రపు నీళ్ళను పొలాల మీదికి వదిలారు. గాలి అనుకూలించేదాకా నీళ్ళు సరిపడా లేవలేదు. చివరికి తుఫాను గాలికి నీళ్ళు పెరిగి, అడుగు చదునుగా ఉండే పడవలు ఊరి దగ్గరికి రాగలిగాయి. స్పెయిన్ సైనికులు వెళ్ళిపోయారు. అక్టోబరు 3న పడవల్లో హెర్రింగ్ చేపలూ తెల్ల రొట్టే వచ్చాయి. ఆ రోజున లైడెన్‌లో ఇప్పటికీ అవే తింటారు. మరుసటి ఏడాది, 1575లో, ఆ ఊళ్ళో విశ్వవిద్యాలయం మొదలైంది.

ఈ కథలో నాకు ఆశ్చర్యం కలిగించేది సరౌండ్ అనే మాటే. దాని అసలు మూలం రౌండ్ కాదు. లాటిన్‌లో అల అనే మాట నుంచి, పొంగి పొర్లడం అనే అర్థంలో వచ్చింది. ఆ కాలపు ఇంగ్లీషులో సరౌండ్ అంటే వరద ముంచెత్తడం. రౌండ్‌లా వినిపించడం వల్ల తర్వాతి శతాబ్దంలో చుట్టూ అనే అర్థం దానికి అంటుకుంది. అంటే 1574లో ఒక ఇంగ్లీషువాడు లైడెన్‌ను చూసి ఉంటే, సరౌండ్ అనే మాటను సైన్యం చేసిన పనికి కాదు, గట్లు తెంచాక నీళ్ళు చేసిన పనికి వాడేవాడు.

మన పత్రికల్లో కలెక్టరేట్ ముట్టడి, అసెంబ్లీ ముట్టడి అని రోజూ చదువుతాం. మనదేశపు ఇంగ్లీషు పత్రికలు దాన్ని "లెయిడ్ సీజ్ టు" అని రాస్తాయి. ఇక్కడ అది చెల్లుతుంది. కానీ డచ్ వార్తను ఐరోపా పాఠకుల కోసం ఇంగ్లీషులోకి మారుస్తుంటే, ఒక పూట జరిగిన ధర్నాకి సీజ్ వాడొద్దు. వాళ్ళకి సీజ్ అంటే ఆకలీ నెలలూ గుర్తొస్తాయి.

శత్రువు లేనప్పుడు

ఒమ్‌రింగెన్‌కి, ఒమ్‌ఖేవెన్‌కి సరౌండ్ వాడడంలో ఇబ్బంది లేదు. ఊరి చుట్టూ అడవి, ఇంటి చుట్టూ తోట, మనిషి చుట్టూ ప్రేమ. తెలుగులో చుట్టూ ఉండడం, ఆవరించడం. ఇక్కడ ఎన్‌సర్కిల్ రాస్తే అడవి ఊరిమీద పగబట్టినట్టు ఉంటుంది.

ఇంగ్లీషులో బై, విత్ తేడా మాత్రం చూసుకోవాలి. చుట్టూ వాటంతటవే ఉంటే "సరౌండెడ్ బై". తానే ఏరి కోరి చుట్టూ పెట్టుకుంటే "సరౌండ్ వన్‌సెల్ఫ్ విత్". డచ్ కూడా ఇదే తేడా పాటిస్తుంది. ఒమ్‌రింగ్ట్ తర్వాత డోర్ వస్తే బై, జిఖ్ ఒమ్‌రింగెన్ తర్వాత మెట్ వస్తే విత్. ఒక నాయకుడు భజనపరుల్ని చుట్టూ చేర్చుకున్నాడని డచ్ వ్యాసంలో ఉంటే, బై రాసిన క్షణం ఆ తప్పు నాయకుడి మీద నుంచి భజనపరుల మీదికి జారిపోతుంది.

ఒమ్‌ఖేవెన్‌తో ఇంకో తిప్పలు. దాని పాస్ట్ పార్టిసిపుల్ కూడా ఒమ్‌ఖేవెనే. చాలా డచ్ క్రియలకు ముందు చేరే ఖె దీనికి చేరదు, రూపం మారదు. "హెట్ డొర్ప్ ఇస్ ఒమ్‌ఖేవెన్ డోర్ బొస్సెన్" చూసి క్రియ పూర్తి కాలేదనుకుని కొత్తవాళ్ళు వెతుక్కుంటారు. వాక్యం పూర్తయింది, "ఇస్ సరౌండెడ్ బై ఫారెస్ట్స్" అని రాసుకోండి. ఈ క్రియ నుంచే ఒమ్‌ఖేవింగ్ వచ్చింది, చుట్టుపక్కల, పరిసరం అని అర్థం. 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నెదర్లాండ్స్ చట్టం పేరు ఒమ్‌ఖేవింగ్స్‌వెట్. ప్రభుత్వం దానికి ఇంగ్లీషులో ఎన్విరాన్‌మెంట్ అండ్ ప్లానింగ్ యాక్ట్ అని పేరు పెట్టింది. అక్కడ సరౌండింగ్స్ పనికిరాదని వాళ్ళకీ అనిపించింది. అక్కడ ఇల్లు కట్టుకునేవాళ్ళు, పెంచుకునేవాళ్ళు ఈ మాటను కాగితాల మీద చూస్తారు, పరిసరాల పరిశుభ్రత చట్టం అని పొరబడొద్దు.

ఒమ్‌జోమెన్ గురించి ఒక్క మాట. జోమ్ అంటే బట్టకు మడిచి కుట్టిన అంచు, ఇంగ్లీషు హెమ్. దాన్ని చూసి చెట్లున్న రోడ్డును "హెమ్డ్ ఇన్" అన్నారంటే అర్థం తిరగబడుతుంది, ఆ ఇంగ్లీషు మాట ఊపిరాడని ఇరుకుకి వాడేది. "లైన్డ్ విత్ ట్రీస్" అనండి.

మూసేయడం వేరు

ఒమ్‌స్లాయ్‌టెన్, ఇన్‌స్లాయ్‌టెన్ రెండింట్లోనూ స్లాయ్‌టెన్, అంటే మూయడం ఉంది. ప్రహరీ గోడ స్థలాన్ని మూసినట్టు ఉంటే ఎన్‌క్లోజ్ వాడండి. బెల్జియంకి చెందిన బార్లె-హెర్టోఖ్ ఊరిలో ఇరవైకి పైగా ముక్కలు నెదర్లాండ్స్ నేల మధ్యలో ఉన్నాయి. కొన్నిచోట్ల సరిహద్దు గీత ఇళ్ళ గుండా పోతుంది. ఆ ముక్కల గురించి డచ్‌లో ఒమ్‌స్లోటెన్ అని ఉంటే, ఇక్కడ మాత్రం "ఎంటైర్లీ సరౌండెడ్ బై" అనే రాయండి. ఎన్‌క్లోజ్ అంటే చదివేవాడు గోడ కోసం వెతుకుతాడు, అక్కడ ఉన్నది నేల మీద గుర్తులే.

ఇన్‌స్లాయ్‌టెన్ మాత్రం ఊరికొక అర్థం చూపిస్తుంది. ఉత్తరంలో "ఇన్‌ఖెస్లోటెన్" అంటే ఎన్‌క్లోజ్డ్, దీంతో జతచేశాం అని. పోలీసుల భాషలో నిందితుణ్ణి ఇన్‌స్లాయ్‌టెన్ చేశారంటే లాకప్పులో పెట్టారని. యుద్ధంలో అయితే దారులన్నీ మూసుకుపోయాయని. 1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ వంతెన దగ్గర బ్రిటిష్ పారాట్రూపర్లకు జరిగింది అదే. దానికి "కట్ ఆఫ్ అండ్ సరౌండెడ్" అని రెండు మాటలు కలిపితే బాగుంటుంది. సహాయం అందకపోవడమే అక్కడ అసలు కథ, సరౌండెడ్ ఒక్కటే అది చెప్పలేదు. ఇక వీధిలో ఎవరో మీ కారు ముందూ వెనకా బండ్లు పెట్టేసి వెళ్ళిపోతే, డచ్ పక్కింటివాడు మీ కారు ఇన్‌ఖెస్లోటెన్ అంటాడు. ఇంగ్లీషులో అది "బ్లాక్డ్ ఇన్".

ఒమ్‌సిర్కెలెన్‌కి పెద్దగా ఆలోచించక్కర్లేదు. పరీక్ష పేపర్లో "ఒమ్‌సిర్కెల్ హెట్ యోయిస్టె ఆంట్‌వోర్డ్" అంటే సరైన జవాబుకు సున్నా చుట్టమని. ఇంగ్లీషులో సర్కిల్. ఎన్‌సర్కిల్ అని రాస్తే అర్థమవుతుంది గానీ పరీక్ష పేపరు భాషలా ఉండదు.

కాలం దగ్గర జారకుండా

మాట సరిగ్గా ఎంచుకున్నాక కూడా తప్పు జరిగేది కాలం దగ్గర. డచ్‌వాళ్ళు నిన్న జరిగినదాన్ని కూడా హేఫ్ట్, అంటే ఇంగ్లీషు హాజ్ లాంటి మాట, పెట్టి చెబుతారు. "డె పొలీట్సి హేఫ్ట్ ఖిస్టెరెన్ హెట్ హాయ్స్ ఒమ్‌సింగెల్ట్." ఖిస్టెరెన్ అంటే నిన్న. దీన్ని "హాజ్ సరౌండెడ్ ఎస్టర్‌డే" అని మార్చకూడదు. నిన్న అని ఉంది కాబట్టి "సరౌండెడ్" ఒక్కటే రాయాలి. నిన్న లేకుండా, ఇప్పుడు జరుగుతున్న వార్త అయితే "హావ్ సరౌండెడ్" రాయండి. ఇంగ్లీషు పొలీస్‌ను బహువచనంగా చూస్తుంది, డచ్ పొలీట్సి ఏకవచనం, అది కూడా సరిచూసుకోండి.

ఇల్లు కర్త స్థానంలోకి వస్తే ఇంకా జాగ్రత్త కావాలి. "హెట్ హాయ్స్ వోర్ట్ ఒమ్‌సింగెల్ట్" అంటే ఈ క్షణాన చుట్టుముడుతున్నారు, వలయం ఇంకా మూసుకోలేదు. ఇంగ్లీషులో "ఇస్ బీయింగ్ సరౌండెడ్". "హెట్ హాయ్స్ ఇస్ ఒమ్‌సింగెల్ట్" అంటే మూసుకుపోయింది. వోర్ట్‌ని ఇస్ అనుకుని తప్పు రాస్తే, ఇంట్లో ఉన్నవాడికి ఇంకా మిగిలి ఉన్న దారిని మీరు అనువాదంలోనే మూసేసినట్టు.